మన ఏరు నాగావళి



మన ఊరి పక్కన ఏరు ఉంది. పొద్దు పొడిస్తే చాలు, రేవుకు పోతాం. బట్టలు ఉతుక్కుంటాం. గేదెలను కడుగుతాం. వేసవిలో ఇసుకలో చెలమ తీసి బిందె నింపుకుంటాం. కార్తీక మాసంలో అరటి దొప్పలో దీపం పెట్టి ఏట్లో వదులుతాం. ఆ దీపం ఎక్కడికి పోతుంది? ఈ నీరు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక రాత్రి మా బడిలో ఈ మాటే అడిగాను.

"కొండల్లోంచి వొత్తాది" అంది ఒక అప్ప.

"తోటపల్లి కాడ తలుపులెత్తితే వొత్తాది" అంది ఇంకో ఆమె.

"గంగమ్మకి ఒక పుట్టిల్లేటి టీచరమ్మా! వాన పడిన సోటల్లా పుట్టిల్లే" అంది ఒక పెద్దమ్మ.

అందరం నవ్వుకున్నాం. తరవాత ఆలోచిస్తే ముగ్గురు చెప్పిందీ నిజమే అనిపించింది. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కో ముక్క చెప్పారు. ఆ ముక్కలు కలిపి చూద్దాం.

రెండు పేర్లు

మన ఏటి పేరు నాగావళి. దీనికి ఇంకో పేరు కూడా ఉంది. పాత పుస్తకాల్లో, పాత పటాల్లో 'లాంగుల్య' అని రాసి ఉంటుంది. లాంగలం అంటే సంస్కృతంలో నాగలి. మనం దుక్కి దున్నే నాగలే.

దీని వెనక ఒక కథ చెబుతారు. ఒకప్పుడు ఈ ప్రాంతంలో వానలు లేక కరువు వచ్చిందట. జనం బలరాముడి దగ్గరకు పోయి మొర పెట్టుకున్నారట. బలరాముడి ఆయుధం నాగలి. ఆయన ఆ నాగలితో నేల మీద చాలు తీశాడట. ఆ చాలు వెంట నీరు పారిందట. అదే ఈ ఏరు. ఏటి ఒడ్డున అయిదు చోట్ల ఆయన శివలింగాలను నిలిపాడని కూడా అంటారు. మొదటిది రాయగడ దగ్గర పాయకపాడు. తరవాత గుంప. ఆ తరవాత సంగాం. నాలుగోది శ్రీకాకుళంలో కోటేశ్వరుడి గుడి. చివరిది సముద్రం దగ్గర కళ్లేపల్లి. శివరాత్రికి మనం పోయే గుళ్లు వరసగా ఒకే ఏటి మీద ఉన్నాయని మనలో ఎంతమందికి తెలుసు? నాకు కూడా పటం ముందు పెట్టుకుని చూసేదాకా తెలియలేదు.

నాగావళి అన్న మాటకు ఇంకో అర్థం చెబుతారు. నాగు అంటే పాము. ఏరు పాములాగ మెలికలు తిరుగుతుంది కాబట్టి నాగావళి అయిందంటారు.

రెండిట్లో ఏది సరైనది? పండితులు ఎటైనా చెప్పుకోనీండి. నాకైతే నాగలి కథే ఇష్టం. ఎందుకంటే ఏరు చేసే పని నాగలి చేసే పనే. కొండను దున్నుతుంది. రాయిని అరగదీస్తుంది. ఆ మట్టి, ఆ ఇసుక మోసుకొచ్చి మన పొలాల్లో, మన రేవులో పోస్తుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. దీనితో మనకు ముందు పని ఉంది.

పుట్టిల్లు

నాగావళి పుట్టింది మన రాష్ట్రంలో కాదు. ఒడిశా రాష్ట్రంలో కలహండి జిల్లా ఉంది. అక్కడ తువాముల్ రాంపూర్ అనే ప్రాంతం. అంతా కొండలు. వాటినే తూర్పు కనుమలు అంటారు. ఆ కొండల్లో లఖ్‌బహాల్ అనే ఊరి దగ్గర నాగావళి పుట్టింది. మన శ్రీకాకుళం జిల్లాలో పారే వంశధార పుట్టింది కూడా ఆ చుట్టుపక్కల కొండల్లోనే. ఒక ఇంట్లో పుట్టి వేరు వేరు ఊళ్లకు కాపురానికి వచ్చిన అక్కచెల్లెళ్లు అనుకోండి.

నాగావళి పొడవు 256 కిలోమీటర్లు. ఇందులో 161 కిలోమీటర్లు ఒడిశాలోనే పారుతుంది. మిగతా 95 కిలోమీటర్లు మన రాష్ట్రంలో. రోజుకు 25 కిలోమీటర్లు నడవగలిగిన మనిషికి ఈ ఏటి వెంట చివరిదాకా పోవాలంటే పది రోజుల పైన పడుతుంది. గోదావరి 1,465 కిలోమీటర్లు. దాని పక్కన మనది చిన్న ఏరు. అయినా ఇంకో నదిలో కలవదు. సొంతంగా సముద్రం దాకా పోతుంది.

ఇక్కడ ఒక కొత్త మాట నేర్చుకుందాం. పరివాహక ప్రాంతం. నోరు తిరగని మాటే. కాని అర్థం సులువు. మీ పెంకుటింటి కప్పు మీద వాన పడుతుంది. ఆ నీరంతా చూరు నుంచి కారుతుంది. చూరు కింద బిందె పెడితే నిండుతుంది. బిందె మీద పడిన వాన ఎంత? నాలుగు చుక్కలు. బిందె నిండింది కప్పు మీద పడిన వానతో. ఏటికి కూడా అలాంటి కప్పు ఉంది. ఎక్కడ వాన పడితే ఆ నీరు జారి ఈ ఏట్లోకి వస్తుందో, ఆ నేలంతా ఏటికి కప్పు. దాన్నే పరివాహక ప్రాంతం అంటారు. నాగావళి కప్పు 9,510 చదరపు కిలోమీటర్లు. అందులో కొంత ఒడిశాలో, కొంత మన రాష్ట్రంలో ఉంది.

అందుకే మన ఊళ్లో ఎండ కాస్తున్నా ఏరు పొంగుతుంది. వాన మన మీద పడలేదు. కప్పు మీద పడింది. 2017 జూలైలో రాయగడ జిల్లాలో పెద్ద వాన పడింది. తెరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. అలాంటి వాన పడితే ఆ నీరు చేరేది మన రేవులకే.

కొండ దిగి మన గడప తొక్కి

కొండల్లో పుట్టిన ఏరు రాయగడ పట్నం పక్క నుంచి దిగుతుంది. రాయగడ అంటే మనవాళ్లకు బాగా తెలుసు. మజ్జి గౌరమ్మకు మొక్కుకుని రైలెక్కి పోయేవాళ్లు మన పల్లెల్లో బోలెడుమంది. అమ్మవారిని చూసి వచ్చేవాళ్లు అక్కడ కనిపించే ఏరు మన ఏరే అని పోల్చుకోరు. ఈసారి పోతే చూడండి.

తరవాత ఏరు పార్వతీపురం మన్యం జిల్లాలో కొమరాడ మండలంలోకి వస్తుంది. ఇక్కడ సవరలు, జాతాపులు ఉండే ఊళ్లు ఉన్నాయి. ఏటికి అవతల ఉన్న ఊళ్లవాళ్లు బజారుకు రావాలన్నా, పురిటి మనిషిని ఆస్పత్రికి తేవాలన్నా నాటుపడవే దిక్కుగా దశాబ్దాలు గడిపారు. మనకు ఏరంటే నీరు. వాళ్లకు ఏరంటే దాటవలసిన అడ్డం కూడా. ఒడిశా నుంచి వచ్చిన ఏనుగుల గుంపు కూడా కొన్నేళ్లుగా ఈ మండలాల్లో తిరుగుతోంది. వాటికీ నీళ్లు కావాలి కదా. ఏటి ఒడ్డు చెరకు, అరటి వాటికి ఇంకా ఇష్టం. రైతు కష్టం అడగక్కర్లేదు.

కొమరాడ మండలంలోనే గుంప ఉంది. అక్కడ జంఝావతి వచ్చి నాగావళిలో కలుస్తుంది. పెద్ద ఏట్లో కలిసే చిన్న ఏటిని ఉపనది అంటారు. మన వైపు చిన్న ఏటిని గెడ్డ అంటాం. వట్టిగెడ్డ, గుమ్మిడిగెడ్డ ఇవన్నీ నాగావళికి ఉపనదులే. గెడ్డలు లేకపోతే ఏరు లేదు.

జంఝావతి మీద ఒక విచిత్రమైన ఆనకట్ట ఉంది. అది రబ్బరుది! రాజ్యలక్ష్మీపురం దగ్గర కట్టారు. పెద్ద రబ్బరు సంచి ఏటికి అడ్డంగా పడుకుని ఉంటుంది. దాన్ని ఉబ్బించితే నీరు ఆగుతుంది. వదిలేస్తే నీరు పోతుంది. ఇలా ఎందుకు కట్టారు? ఈ ప్రాజెక్టు పని 1976లో మొదలైంది. పూర్తిగా కట్టి నీరు నిలిపితే ఒడిశాలో భూములు మునుగుతాయి. అక్కడివాళ్లు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్లు గడిచాయి. చివరకు ఉన్న నీటిని ఉన్నంతలో వాడుకుందామని 2006 జనవరి 1న రబ్బరు ఆనకట్ట ప్రారంభించారు. అనుకున్న భూమికంతా నీరు అందలేదు. కొంత భూమికే అందింది. గట్టు తగాదా ఇద్దరు రైతుల మధ్యే వస్తుందనుకుంటాం. రెండు రాష్ట్రాల మధ్య కూడా వస్తుంది.

గుంప దాటాక తోటపల్లి. అక్కడ ఏటి ఒడ్డున వెంకటేశ్వర స్వామి గుడి ఉంది. ఆ పక్కన 1908లోనే ఏటికి అడ్డంగా రెగ్యులేటరు కట్టారు. వంద ఏళ్లు దాటిపోయింది. దాని కాలవల కింద సుమారు 64 వేల ఎకరాలు పండుతూ వచ్చాయి. తరవాత దాని దగ్గరే పెద్ద బ్యారేజీ కట్టారు. 2015 సెప్టెంబరులో దాన్ని ప్రారంభించారు. దానికి సర్దార్ గౌతు లచ్చన్న పేరు పెట్టారు. పాత భూములకు తోడు ఇంకో లక్షా ఇరవై వేల ఎకరాలకు నీరు ఇవ్వాలని దాన్ని తలపెట్టారు. నీరు నిలిచే చోట ఉన్న కొన్ని ఊళ్లవాళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదులుకుని వేరే చోటికి పోయారు. మన చేలో మదుము తెరిచి నీరు పారించుకునేటప్పుడు వాళ్లను కూడా తలుచుకోవాలి.

ఆనకట్టకు, బ్యారేజీకి తేడా ఏమిటని ఒక అక్క అడిగింది. ఆనకట్ట అంటే గోడ. నీరు ఎక్కువైతే గోడ మీద నుంచి దూకి పోతుంది. బ్యారేజీకి తలుపులు ఉంటాయి. ఎత్తుతారు, దించుతారు. "తోటపల్లి కాడ తలుపులెత్తితే వొత్తాది" అన్న మాట ఇదే.

తోటపల్లి నుంచి వీరఘట్టం, పాలకొండ వైపు వస్తుంది ఏరు. తరవాత విజయనగరం జిల్లా వంగర మండలంలో సంగాం. ఇక్కడ మూడు ఏళ్లు కలుస్తాయి. సాలూరు వైపు కొండల నుంచి సువర్ణముఖి వస్తుంది. పాచిపెంట కొండల నుంచి వేగావతి వస్తుంది. ఆ రెండూ కలిసి వచ్చి నాగావళిలో పడతాయి. అందుకే ఆ ఊరి పేరు సంగాం. సంగమం అంటే కలవడం. సువర్ణముఖి మీద మడ్డువలస దగ్గర జలాశయం కట్టారు. శివరాత్రికి సంగమేశ్వరుడి దగ్గర జాతర చూడని వాళ్లు ఈ పక్క తక్కువ.

అక్కడి నుంచి సంతకవిటి మండలంలో నారాయణపురం ఆనకట్ట. దీని కుడి కాలవ, ఎడమ కాలవ కింద ముప్పై వేల ఎకరాలకు పైగా ఉన్నాయి. ఇక ఆమదాలవలస, శ్రీకాకుళం. పొందూరు కూడా ఇక్కడికి దగ్గరే. పొందూరు సన్న ఖద్దరు గురించి వినే ఉంటారు. అక్కడి అప్పలు పత్తిని శుభ్రం చేసేది వాలుగ చేప దవడతో. చేప పళ్లే వాళ్లకు దువ్వెన. ఏటి కథలో ఇది ఎందుకని అడగకండి. చెప్పకుండా ఉండలేకపోయాను.

శ్రీకాకుళం పట్నం ఏటికి రెండు పక్కలా ఉంది. పట్నం తాగే నీరు ఏటి ఇసుకలో తవ్విన బావుల నుంచే వస్తుంది. పట్నం మురుగు కూడా ఆ ఏట్లోకే పోతుంది. పట్నం దాటాక కళ్లేపల్లి దగ్గర నాగావళి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏరు మోసుకొచ్చిన ఇసుకను అక్కడ సముద్రం తీసుకుని తీరం వెంట పరుస్తుంది. మన తీరంలో ఆ ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు వచ్చి గుడ్లు పెడతాయి. ఎక్కడి కలహండి కొండ, ఎక్కడి తాబేలు గుడ్డు! మధ్యలో ఉన్నది మన ఏరు.

మనం వదిలిన కార్తీక దీపం ఎక్కడికి పోతుందో ఇప్పుడు తెలిసింది. అయితే అది కళ్లేపల్లి దాకా పోదు. రెండో మలుపులోనే ఆరిపోతుంది. నేను వెంట పరిగెత్తి చూశాను, చిన్నప్పుడు.

క్యూసెక్కు అంటే రెండు బిందెలు

వానల కాలంలో దండోరా వేస్తారు. ఇప్పుడైతే సెల్‌ఫోనుకు కూడా కబురు వస్తుంది. "తోటపల్లి నుంచి ఇన్ని వేల క్యూసెక్కులు వదిలారు. ఏటి ఒడ్డు వాళ్లు జాగ్రత్త" అంటారు. క్యూసెక్కు అంటే ఏమిటి? తెలియని మాట చెప్పి జాగ్రత్త అంటే ఎలా జాగ్రత్తపడతాం?

అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న పెట్టె అనుకోండి. దానిలో 28 లీటర్ల పైన నీరు పడుతుంది. ఒక్క సెకనులో అన్ని నీళ్లు పారితే అది ఒక క్యూసెక్కు. సెకను అంటే 'ఒకటి' అని నోటితో అనేంత సేపు. మన పెద్ద బిందెలో 14 లీటర్లు పడుతుంది. కాబట్టి ఒక క్యూసెక్కు అంటే సెకనుకు రెండు బిందెలు.

ఇప్పుడు లెక్క వేయండి. 1,000 క్యూసెక్కులు అంటే 2,000 బిందెలు. 10,000 క్యూసెక్కులు అంటే 20,000 బిందెలు. 50,000 క్యూసెక్కులు అంటే లక్ష బిందెలు. 'ఒకటి' అనేలోపు లక్ష బిందెలు మీ రేవు ముందు నుంచి పోతున్నాయి! మా బడిలో ఈ లెక్క పలక మీద వేసినప్పుడు ఎవరూ కాసేపు మాట్లాడలేదు. తరవాత ఒకామె అంది. "అయితే పదివేలన్న రోజు నాను గేదెల్ని తోలుకుని ఆ గట్టుకి పోనాను. నాకు పిచ్చేటి?"

మన ఏరు పొట్టిది. కొండలు దగ్గర. గోదావరిలో వరద వస్తోందంటే రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. మనకు అంత వ్యవధి ఉండదు. కొండల్లో పడిన నీరు ఒక రోజులోనో, ఒక్కోసారి ఒక పూటలోనో వచ్చి మీద పడుతుంది. రాత్రి పడుకునేటప్పుడు మోకాలి లోతున్న ఏరు తెల్లారేసరికి గట్టు తాకుతుంది. అందుకని దండోరా విన్నాక అంకె గుర్తు పెట్టుకోండి. నిన్న ఎంత, ఇవాళ ఎంత అని చూడండి. అంకె పెరుగుతుంటే ఏటి లంకల్లో పశువులను ఉంచకండి. పిల్లలను రేవుకు పంపకండి. తీసుకుపోవలసిన కాగితాలు, అంటే పట్టా, ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకోండి.

వరద నష్టమే చేస్తుందా? అంతా నష్టమే కాదు. ఒండ్రుమట్టి తెస్తుంది. అది పడిన పొలం పండుతుంది. బావుల్లో నీరు పెరుగుతుంది. ఏట్లో ఇసుక మళ్లీ నిండుతుంది. కొన్ని పొలాల్లో మాత్రం ఇసుక మేట వేస్తుంది. ఆ రైతుకు అది శాపమే.

ఇసుకలో నీరు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నాగలి కథ గుర్తుందా? ఏరు కొండను దున్ని ఇసుక తెస్తుందని అన్నాను. ఆ ఇసుక మనకు ఇల్లు కట్టుకోవడానికి మాత్రమే పనికి వస్తుందా?

ఇంట్లో ఒక పని చేసి చూడండి. ఒక డబ్బా తీసుకోండి. దాని నిండా ఎండిన ఇసుక పోయండి. నిండిపోయింది కదా. ఇప్పుడు అదే డబ్బాలో గ్లాసుతో మెల్లగా నీరు పోయండి. నిండిన డబ్బాలో నీరు ఎక్కడ పడుతుంది? పడుతుంది! డబ్బాలో ఇంచుమించు మూడో వంతు నీరు పడుతుంది. ఇసుక రేణువుల మధ్య సందులు ఉంటాయి. నీరు అక్కడ దాక్కుంటుంది.

ఏట్లో ఇసుక కూడా అలాంటి డబ్బానే. చాలా పెద్ద డబ్బా. వానల కాలంలో నీరు తాగుతుంది. వేసవిలో మెల్లగా వదులుతుంది. పైన ఎండ కాసినా లోపలి నీరు తొందరగా ఆవిరి కాదు. అందుకే ఏరు ఎండిపోయినట్టు కనిపించినా చెలమ తీస్తే నీరు ఊరుతుంది. గట్టు మీద బావుల్లో, బోర్లలో నీరు ఉంటుంది. ఆ ఇసుకను తవ్వి తీసేస్తే డబ్బా చిన్నది అవుతుంది. ఏటి అడుగు దిగిపోతుంది. ఏరు దిగితే పక్కన బావిలో నీరు కూడా దిగుతుంది. బావిలో నీరు, ఏట్లో నీరు వేరు వేరు అనుకుంటాం. లోపల రెండూ ఒకటే. సముద్రం దగ్గర ఊళ్లలో ఇంకో కష్టం ఉంది. మంచి నీరు తగ్గితే ఉప్పు నీరు లోపలికి తోసుకు వస్తుంది. ఒకసారి ఉప్పెక్కిన బావి తిరిగి తియ్యబడాలంటే ఏళ్లు పడుతుంది.

ఇంకో మాట. చెలమ నీరు తేటగా ఉంటుంది. ఇసుక వడగట్టింది కాబట్టి. కాని తేటగా ఉన్నదంతా మంచి నీరు కాదు. కంటికి కనపడని పురుగులు ఉంటాయి. కాచి తాగండి. ముఖ్యంగా చంటి పిల్లలకు కాచి చల్లార్చిన నీరే పట్టండి.

మరి ఇసుక అసలు తియ్యకూడదా? ఇల్లు కట్టుకోవద్దా? తియ్యవచ్చు. వరద ఎంత తెస్తే అంతలో తీసుకుంటే ఏటికి లోటు లేదు. పాలు పితికేటప్పుడు దూడకు వదలమా? అలాగే. పొదుగు పిండేస్తేనే చిక్కు.

దీనికి చట్టం ఉంది. 2002లో మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం ఒక చట్టం చేశారు. ఆఫీసుల్లో దాన్ని 'వాల్టా' అంటారు. దాని నిబంధనల ప్రకారం వంతెనలకు, ఆనకట్టలకు, తాగునీటి బావులకు 500 మీటర్ల లోపు ఏట్లో ఇసుక తవ్వకూడదు. 2024లో ఉచిత ఇసుక అన్నారు. ఉచితం అంటే ఇసుకకు ధర లేదని. ఎక్కడ పడితే అక్కడ తవ్వుకోమని కాదు. ఈ తేడా ట్రాక్టరు తోలేవాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

మా ఊరి సంగతి చెబుతాను. మా ఊరికి కుళాయి నీరు ఏట్లో ఉన్న ఊటబావి నుంచి వస్తుంది. కరెంటు లేని రోజు చెలమలే గతి. రెండేళ్ల కింద ఆ బావికి ఎగువన ఇసుక తవ్వడం మొదలైంది. మొదట బళ్లు వచ్చాయి. ఎవరూ ఏమీ అనలేదు. తరవాత ట్రాక్టర్లు వచ్చాయి. ఒకటి, రెండు, పది. ఆ వేసవిలో చెలమ లోతు పెరిగింది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చింది.

ఈ చట్టం సంగతి బడిలో చదివిన మర్నాడు నలుగురు అప్పలు ఏటికి పోయారు. 500 మీటర్లు కొలవడానికి టేపు లేదు. అంగలతో కొలిచారు. మామూలు ఆడమనిషి అంగ సుమారు 70 సెంటీమీటర్లు ఉంటుంది. 500 మీటర్లంటే 700 అంగల పైన. వాళ్లు బావి దగ్గర మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ నడిచారు. ట్రాక్టర్ల గుంత దగ్గరకు వచ్చేసరికి లెక్క 310 అయింది. ఒకామె మధ్యలో లెక్క తప్పిందని మళ్లీ మొదటి నుంచి నడిచారు. మళ్లీ 310 దాటలేదు.

అక్కడ ట్రాక్టరు అబ్బాయి ఒకడు, "ఏటి కొలత్తన్నారు అత్తా?" అని నవ్వాడు.

"మా నీళ్లు" అంది ఒకామె.

ఆ రాత్రి అర్జీ రాశాం. నేను రాసి ఇస్తానంటే ఒప్పుకోలేదు. వాళ్లే రాశారు. అక్షరాలు కొంచెం వంకర. తప్పులు రెండు మూడు నేను దిద్దాను. అర్జీ ఇది:

"గౌరవనీయులైన పంచాయతీ సర్పంచ్ గారికి, కార్యదర్శి గారికి. మా ఊరి తాగునీటి బావికి 310 అంగల దూరంలో ఏట్లో ఇసుక తవ్వుతున్నారు. 500 మీటర్ల లోపు తవ్వకూడదని చట్టం ఉంది. బావిలో నీరు తగ్గింది. మీరు వచ్చి కొలవండి. మేము కూడా వస్తాము. ఈ అర్జీ అందినట్టు మాకు రసీదు ఇవ్వండి."

కింద పదిహేడు సంతకాలు. నాలుగు వేలిముద్రలు. వేలిముద్ర వేసిన వాళ్లలో ఒక పెద్దమ్మ తరవాత బాగా బాధపడింది. పేరు రాయడం వచ్చినా జనం ముందు చెయ్యి వణికిందట.

గ్రామసభలో ఆ అర్జీ చదివారు. రసీదు ఇచ్చారు. తరవాత మండలం నుంచి మనుషులు వచ్చి టేపు పెట్టి కొలిచారు. 214 మీటర్లు వచ్చింది. బావి దగ్గర బోర్డు పెట్టారు. ట్రాక్టర్లు ఆగాయి. మూడు నెలలు ఆగాయి. ఆ తరవాత ఒక రాత్రి మళ్లీ మోత వినపడింది. పగలు కాదు, రాత్రి. రెండో అర్జీ రాశారు. దానిలో తారీకు, వేళ, ఎన్ని ట్రాక్టర్లు అన్నది కూడా రాశారు. దానికీ రసీదు తీసుకున్నారు. ఇప్పటికి ఎవరూ రాలేదు.

చెలమ లోతును మా అప్పలు బడి గోడ మీద బొగ్గుతో రాసిపెడుతున్నారు. నెలకోసారి తవ్వి, నీరు తగిలిన చోట చేతితో కొలిచి వచ్చి రాస్తారు. నిరుడు ఇలా ఉంది: ఫిబ్రవరి, జానెడు. మార్చి, మూర. ఏప్రిల్, మూరన్నర. మే, రెండు మూరలు. మంచి వరద వస్తే ఇసుక కొంత నిండుతుందని, ఈ వేసవికి అంకె తగ్గుతుందని చూస్తున్నారు. ఈ ఏడాది ఫిబ్రవరికి కూడా జానెడే వచ్చింది. మార్చి గడి ఇంకా ఖాళీగా ఉంది.